మెదడు ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు: కాగితాలకే సరిపోతున్న గడువు

మెదడులో గడ్డతో ఆసుపత్రి పాలైన గల్ఫ్ కార్మికుడి సంగతి మనకు కొత్త కాదు. సైటు మీద పని చేస్తూ చేస్తూ ఫిట్స్ వచ్చి పడిపోతాడు. లేదంటే నెల రోజులుగా తలనొప్పికి పెనడాల్ మింగుతూ నెట్టుకొచ్చి, ఒకరోజు పొద్దున్నే వాంతులై చూపు మసకబారితే రూమ్మేట్లు అంబులెన్సు పిలుస్తారు. స్కానింగులో గడ్డ బయటపడుతుంది. రోజుల వ్యవధిలోనే ఆపరేషన్ అయిపోతుంది. ఇక్కడిదాకా గల్ఫ్ దేశాల్లో పని చకచకా సాగుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో న్యూరోసర్జన్లు ఉన్నారు, ప్రాణం మీదికొచ్చిన కేసును మామూలుగా గేటు దగ్గర ఆపరు. చిక్కంతా ఆ తర్వాతే మొదలవుతుంది.

డిశ్చార్జి రోజున డాక్టరు రెండు ముక్కలు చెబుతాడు. గడ్డ తీసేశాం, ఇక రేడియేషన్, కీమో తీసుకోవాలి అని. అరబ్బీ, ఇంగ్లిషు, సగం హిందీ మధ్య మనవాడికి మొదటి ముక్కే వినపడుతుంది. కంపెనీకీ అదే కావాలి. 'ఇంటికి పో, మంచిగా రెస్ట్ తీసుకో, మళ్లీ చూద్దాం' అంటాడు మందూబ్. క్యాంపులో చందాలేసి టికెట్ కొంటారు. ఊళ్లో దిగినవాడిని చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చి, మొక్కులు తీర్చి, బంధువుల ఇళ్లకు తిప్పి, తీరా హైదరాబాద్ తీసుకెళ్లేసరికి రెండు మూడు నెలలు గడిచిపోతాయి. అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్న, ఆపరేషన్ ఏ తారీఖున జరిగిందని. రెండో ప్రశ్న, బయాప్సీ రిపోర్టు ఏదని. మొదటిదానికి జవాబు చెప్పడానికి నోరు రాదు, రెండోది చేతిలో ఉండదు.

ఈ గడువు సంగతి క్యాంపుల్లో ఎవరూ మాట్లాడుకోరు. అందుకే ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ముందు గడ్డ పేరేమిటో తెలియాలి

బ్రెయిన్ ట్యూమర్ అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. అది పొరపాటు. మెదడు పై పొరల్లో పుట్టే మెనింజియోమాలు ఎక్కువ భాగం గ్రేడ్ 1వి. పూర్తిగా తీసేస్తే రేడియేషన్ అవసరం ఉండదు, ఏడాదికోసారి ఎంఆర్ఐ తీయించుకుంటూ పోవచ్చు. మన దేశంవాళ్లలో టీబీ వల్ల కూడా మెదడులో గడ్డ వస్తుంది. స్కానింగులో అచ్చం ట్యూమర్ లాగే కనపడొచ్చు, దానికి మందు టీబీ మాత్రలే. లింఫోమా అనే రకానికి కత్తితో పెద్దగా పని లేదు, కీమోయే ముందు. ఒంట్లో మరోచోట పుట్టిన క్యాన్సర్ మెదడుకు పాకితే దాని లెక్క మరొకటి.

నెమ్మదిగా పెరిగే గ్లయోమాల విషయంలో తొందరపడి తీరాలన్న రూలు కూడా లేదు. వీళ్లలో ఆపరేషన్ అవగానే రేడియేషన్ ఇవ్వడం మేలా, మళ్లీ పెరిగినప్పుడు ఇవ్వడం మేలా అని యూరప్‌లో చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. ముందే ఇస్తే గడ్డ తిరిగి పెరగడం ఆలస్యమైంది, ఫిట్స్ కూడా తగ్గాయి. మొత్తం ఆయుష్షులో మాత్రం తేడా కనపడలేదు. ఐడీహెచ్ అనే జన్యుమార్పు ఉన్న ఇలాంటి గడ్డలకు వొరాసిడెనిబ్ అనే మాత్రను 2024 ఆగస్టులో అమెరికా ఆమోదించింది. రేడియేషన్‌ను వెనక్కి జరపడానికి అదొక దారి. కాకపోతే దాని ధర కూలి డబ్బుతో అందుకునేది కాదు. గడ్డ మిగిలిపోయినా, రోగి వయసు 40 దాటినా ఇలాంటి గ్లయోమాలకు రేడియేషన్, ఆ తర్వాత కీమో మంచిదని 2016లో వచ్చిన మరో అమెరికా ట్రయల్ చెప్పింది. రెండూ తీసుకున్నవాళ్లలో సగం మంది 13 ఏళ్లు దాటి బతికారు, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఆ లెక్క 8 ఏళ్ల లోపే.

కాబట్టి ఎంత తొందర అన్నది చెప్పేది బయాప్సీ రిపోర్టే. స్కానింగు చూసి ఎవరో అన్న మాట పట్టుకుని కూర్చోవద్దు.

తుంగ గడ్డి లాంటి గడ్డ

మనం ఎక్కువ భయపడాల్సింది గ్లయోబ్లాస్టోమా గురించి. పెద్దవాళ్లలో మెదడులోనే పుట్టే క్యాన్సర్ గడ్డల్లో ఎక్కువగా కనిపించేదీ, అన్నిటికన్నా మొండిదీ ఇదే. వ్యవసాయం తెలిసినవాళ్లకు తుంగ గడ్డి సంగతి చెప్పక్కర్లేదు. పైన ఎంత నున్నగా కోసినా భూమిలో దుంప మిగిలి ఉంటుంది, వారం పది రోజుల్లో మళ్లీ మొలుస్తుంది. సర్జన్ 'మొత్తం తీసేశాం' అంటే కంటికి, స్కానింగుకు కనపడినంతా తీశారని అర్థం. ఆయన అబద్ధం చెప్పలేదు. కనపడని కణాలు చుట్టూ మంచి మెదడులోకి వేళ్లలా పాకి ఉంటాయి, వాటిని కోయబోతే మాటో నడకో పోతుంది. రేడియేషన్, కీమో వాటికోసమే.

ఈ జబ్బుకు ప్రపంచమంతా పాటించే పద్ధతి 2005లో స్థిరపడింది. యూరప్, కెనడా ఆసుపత్రులు కలిసి 573 మంది మీద చేసిన ట్రయల్ అది. వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాలు, మొత్తం 30 సిటింగుల్లో 60 గ్రే రేడియేషన్. దాంతోపాటు ప్రతిరోజూ టెమోజోలమైడ్ క్యాప్సూల్. తర్వాత నాలుగు వారాలు విరామం. ఆపైన నెలకు ఐదు రోజుల చొప్పున ఆరు నెలలు క్యాప్సూళ్లు. ఇలా తీసుకున్నవాళ్లలో రెండేళ్లు దాటి బతికినవాళ్లు నూటికి 26 మంది. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో 10 మంది. ఐదేళ్లకు ఆ లెక్క సుమారు 10 మంది, ఇద్దరు. ఇవేమీ పండగ చేసుకునే అంకెలు కావు. సగం మంది ఏడాదిన్నర కూడా దాటలేదు. కానీ ఆ నూటికి పదిమందిలో మనవాడు ఎందుకు ఉండకూడదు? ముప్పై, నలభై ఏళ్ల వయసు, ఆపరేషన్ తర్వాత నడవగలగడం, తన పని తాను చేసుకోగలగడం, ఇవన్నీ రోగి పక్షాన ఉండేవే. మన కార్మికుల్లో చాలామంది ఆ వయసువాళ్లే.

మరి ఎప్పుడు మొదలుపెట్టాలి? మర్నాడే మొదలుపెట్టడానికి లేదు. కుట్లు ఊడదీయడానికే పది, పద్నాలుగు రోజులు పడుతుంది. పచ్చి గాయం మీద కరెంటు పెడితే గాయం విచ్చుకుంటుంది, చీము పడుతుంది. మెదడు వాపు కూడా తగ్గాలి. అందుకని గాయం మానాక, మూడో వారం నుంచి ఆరో వారం లోపు మొదలుపెట్టడం మామూలు పద్ధతి. నాలుగైదు వారాలకు మొదలైతే అంతా సవ్యంగా జరిగినట్టే లెక్క.

దీనిమీద పరిశోధనలు ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు కనిపిస్తాయి. న్యూజిలాండ్‌లో 2007లో వచ్చిన లెక్క ప్రకారం ప్రతి వారం ఆలస్యానికి చావు ముప్పు దాదాపు 9 శాతం పెరిగింది. అమెరికాలో 16 ట్రయల్స్‌లో చేరిన 2,855 మంది రికార్డులు తిరగేసి 2009లో వేసిన లెక్కలో మాత్రం, రెండు వారాల్లోపే మొదలుపెట్టినవాళ్లకన్నా నాలుగు వారాలు దాటాక మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ కాలం బతికారు. ఇది విని 'ఆలస్యమే మంచిదట' అనుకునేవాళ్లున్నారు. రెండు సంగతులు గమనించాలి. బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకే డాక్టర్లు హడావుడిగా మొదలుపెడతారు, వాళ్లు ఎలాగూ తక్కువ కాలమే బతుకుతారు. రెండోది, ఆ ట్రయల్స్‌లోకి ఆరు వారాలు దాటినవాళ్లను చేర్చుకోనేలేదు. అంటే ఆరు వారాల లోపు నాలుగు రోజులు అటూ ఇటూ అయితే గుండెలు బాదుకోనక్కర్లేదని ఆ లెక్క చెబుతోంది. పన్నెండో వారంలో మొదలుపెట్టొచ్చని ఎవరూ చెప్పలేదు.

వెనక నుంచి లెక్కపెట్టండి

ఐదో వారంలో కరెంటు మొదలవ్వాలంటే నాలుగో వారానికల్లా ప్లానింగు జరగాలి. తలకు సరిపోయేలా ప్లాస్టిక్ మాస్కు తయారుచేస్తారు, సీటీ తీస్తారు, ఎక్కడ ఎంత పడాలో ఫిజిసిస్టు లెక్క వేస్తాడు. దీనికే వారం, పది రోజులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మెషిన్ దగ్గర క్యూ కూడా కలుపుకోవాలి. అంటే మూడో వారానికి రోగి రేడియేషన్ డాక్టరు ఎదుట కూర్చుని ఉండాలి, చేతిలో బయాప్సీ రిపోర్టు ఉండాలి.

ఇప్పుడు గల్ఫ్ వైపు నుంచి లెక్క చూడండి. ఆసుపత్రిలో వారం, పది రోజులు. తల తెరిచిన ఆపరేషన్ కాబట్టి లోపల గాలి మిగిలి ఉంటే విమానంలో ప్రమాదం. అందుకని కనీసం వారం ఆగి, సీటీ చూసి, డాక్టరు ఫిట్ అని రాశాకే ఎయిర్‌లైన్ ఎక్కించుకుంటుంది. దానికి మెడికల్ ఫారం ముందుగా పంపాలి. బయాప్సీ రిపోర్టుకు వారం, ఐడీహెచ్, ఎంజీఎంటీ లాంటి జన్యు పరీక్షలు బయటి ల్యాబుకు పంపితే ఇంకో రెండు వారాలు. ఇవన్నీ జబ్బు కోసం పట్టే రోజులు, తప్పవు. వాటి మీద మన గల్ఫ్ రోజులు వచ్చి పడతాయి. ఎగ్జిట్ కొట్టాలా, సెలవు మీద పంపాలా అని కంపెనీ తేల్చడానికి కొన్ని రోజులు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరుంటే కొన్ని. సర్వీసు డబ్బుల లెక్క తేలేదాకా కదలనని మనవాడి పట్టుదలకు మరికొన్ని. అది న్యాయమైన పట్టుదలే, చెమటోడ్చిన డబ్బు. కానీ ఆ లెక్క కోసం పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి నమ్మకమైన మనిషిని పెట్టి రావచ్చు. రేడియేషన్‌కు బదులు మనిషిని పంపలేం.

కనుక నా మాట ఏమిటంటే, ఆపరేషన్ అయిన మొదటి వారంలోనే కరెంటు ఎక్కడ పెట్టించుకోవాలో తేల్చుకోవాలి. ఇక్కడా, ఊళ్లోనా? సగం ఇక్కడ, సగం అక్కడ అన్నది కుదరదు. ఒక ఆసుపత్రి మాస్కు, ప్లాను ఇంకో మెషిన్‌కు సరిపోవు. మధ్యలో రోజులు పోతే ఇచ్చిన మందు బలం తగ్గుతుంది.

ఇక్కడే ఉండి తీసుకోవాలంటే రెండు చూసుకోవాలి. ఒకటి బీమా. యూఏఈలో 2025 జనవరి 1 నుంచి అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు కంపెనీ కార్మికులకు ఆరోగ్య బీమా తప్పనిసరి అయింది. మంచిదే. కానీ దుబాయిలో చవక రకం పాలసీకి ఏడాది పరిమితి 1,50,000 దిర్హాములు. అత్యవసర ఆపరేషన్, ఐసీయూ అయ్యాక అందులో మిగిలేదెంతో అడిగి తెలుసుకోవాలి. అక్కడి బీమాలో క్యాన్సర్‌కు ప్రత్యేక సాయం ఉందని విని కొందరు ధీమాగా ఉంటారు. ఆ బస్మా పథకం రొమ్ము, పెద్దపేగు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం పెట్టింది. సౌదీలో కంపెనీ బీమా పరిమితి 2022 అక్టోబరు నుంచి 10 లక్షల రియాళ్లు, అక్కడ కాస్త వెసులుబాటు ఉంది. ఇంటి వీసాల మీద వెళ్లినవాళ్ల నిబంధనలు వేరు.

రెండోది సిక్ లీవు. యూఏఈ చట్టంలో ఏడాదికి 90 రోజులు, అందులో 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం, మిగతా 45 రోజులు జీతం లేదు. సౌదీలో 120 రోజులు, కువైట్‌లో 75. ఈ రోజులు నడుస్తుండగా జబ్బు పేరు చెప్పి పనిలోంచి తీసేయడానికి యూఏఈ, సౌదీ చట్టాలు ఒప్పుకోవు. ఆపరేషన్ నుంచి కరెంటు చివరి సిటింగు దాకా పదకొండు, పన్నెండు వారాలు. అంటే దాదాపు 80 రోజులు. కాగితం మీద సరిపోతుంది. ఎనిమిది మంది పడుకునే గదిలో, పైబంకు ఎక్కే మనిషికి ఫిట్స్ వస్తే పట్టుకునేవాళ్లు ఎవరన్నదే అసలు ప్రశ్న. పగలు అందరూ డ్యూటీకి పోతారు. కాబట్టి మూడో వారం లోపు రిపోర్టులతో సహా ఊరు చేరగలిగితే ఇంటికి రావడమే మేలు. అలా రాలేని పరిస్థితి, బీమాలో డబ్బు ఉంది, తమ్ముడో బావో అదే ఊళ్లో ఉన్నాడు అంటే అక్కడే మొదలుపెట్టించాలి. పేరున్న ఆసుపత్రి కోసం నెల ఆగడంకన్నా, ముందుగా దొరికిన మంచి మెషిన్ మీద పడుకోవడమే నయం.

ఊళ్లో ఉన్నవాళ్లు చేయాల్సింది

రోగి విమానం ఎక్కకముందే రిపోర్టుల ఫోటోలు వాట్సాప్‌లో తెప్పించుకుని అన్నో బావో ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్, ధర్మకర్తల బసవతారకం ఉన్నాయి. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం 2024 నుంచి ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. బయాప్సీ రిపోర్టు, స్కానులు లేకుండా అనుమతి రాదు. ఇంకో మెలిక రేషన్ కార్డుది. ఏళ్ల తరబడి గల్ఫ్‌లో ఉన్నవాడు ఈ-కేవైసీకి వేలిముద్ర వేయలేదు కాబట్టి కార్డులో పేరు ఉందో, ఎగిరిపోయిందో ఎవరూ చూసి ఉండరు. ఆసుపత్రి కౌంటరు దగ్గర అది తెలిస్తే మళ్లీ మండలాఫీసు చుట్టూ వారం. ఆ పని ముందే చూడాలి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా ఉంటుంది. అందరూ దాన్ని చావు బీమా అనే అనుకుంటారు. అందులో జబ్బు ఖర్చుకు లక్ష రూపాయల దాకా, ఒకసారి ఆసుపత్రిలో చేరితే 50 వేల దాకా, పని చేయలేని స్థితిలో తిరిగొస్తే టికెట్‌కూ వీలుంది. పాలసీ గడువు చూసుకోండి.

ఈ మధ్య కాలంలో రోగి బాగానే ఉంటాడు. నడుస్తాడు, తింటాడు, ముఖం నిండుగా కనిపిస్తుంది. అది చాలావరకు డెక్సామెథాసోన్ స్టెరాయిడ్ మహిమ. అది చూసి 'వీడికేమైంది, నిక్షేపంగా ఉన్నాడు, కరెంటు పెడితే లేనిపోనివి వస్తాయి' అనే పెద్దమనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. పసరు మందు పేరు చెప్పేవాడు ఇంకొకడు. గడువు తినేసేది ఎక్కువగా ఈ ఇద్దరే. ఆ స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపకండి, ఫిట్స్ మాత్రలు ఒక్క పూట కూడా మానకండి. షుగరు పెరుగుతుంది, చూపించుకోండి.

టెమోజోలమైడ్ విషయంలో మనవాళ్లు తరచూ చేసే తప్పు ఒకటుంది. కరెంటు జరిగే ఆరు వారాలూ శని, ఆదివారాలతో సహా రోజూ క్యాప్సూల్ మింగాలి. ఆసుపత్రికి సెలవు కాబట్టి మాత్రకూ సెలవనుకుని మానేస్తారు. పరగడుపున మింగాలి, క్యాప్సూల్ విప్పి పొడి కలపకూడదు. వారం వారం రక్త పరీక్ష. నిమ్ము రాకుండా ఇంకో మాత్ర ఇస్తారు, అది కూడా వేసుకోవాలి. పథకంలో ఈ క్యాప్సూళ్లు కరెంటు వరకేనా, తర్వాతి ఆరు నెలలకు కూడా ఇస్తారా అన్నది మొదటి రోజే అడగండి. రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మనిషి కాబట్టి ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. మందు వాడుతున్నంత కాలం, ఆపాక మూడు నెలల దాకా భార్య గర్భం దాల్చకుండా జాగ్రత్తపడాలి. పిల్లలు కావాలనుకునే కుర్రాళ్లు వీర్యం దాచిపెట్టే సంగతి మందు మొదలవ్వకముందే డాక్టరును అడగాలి.

మొత్తం చికిత్స తొమ్మిది, పది నెలలు. వీసా మాత్రం సాధారణంగా ఆరు నెలలు బయట ఉంటే పోతుంది. కరెంటు అయిపోగానే వీసా కాపాడుకోవడానికి తిరిగి ఎక్కేసేవాళ్లు ఇందుకే ఉన్నారు. అప్పు తీరనివాడిని తప్పుపట్టలేం. వెళ్లక తప్పకపోతే డాక్టరుతో చెప్పి వెళ్లండి. క్యాప్సూళ్లు, వాటి రక్త పరీక్షలు, ఎంఆర్ఐలు అక్కడ ఎలా జరుగుతాయో రాయించుకోండి. ఫిట్స్ వచ్చినవాడు బండి నడపకూడదు, స్కాఫోల్డింగ్ ఎక్కకూడదు. క్లోబజామ్, ప్రీగాబాలిన్, ట్రమడాల్ లాంటివి జేబులో వేసుకుని యూఏఈలో దిగితే కేసవుతుంది, ముందే అనుమతి తీసుకోవాలి.

అన్నిటికన్నా కష్టం ఖల్లివల్లి అయినవాళ్లది. ఆపరేషన్ ఎలాగో జరుగుతుంది, ఆ తర్వాత జరిమానాలు, ఔట్‌పాస్ మధ్య ఇరుక్కుంటారు. రాయబార కార్యాలయాల్లో 2009 నుంచి సంక్షేమ నిధి ఉంది. నిరుపేదలకు అత్యవసర వైద్యం, టికెట్ దాన్నుంచి ఇవ్వొచ్చు. అర్జీలో 'సాయం చేయండి' అని రాస్తే పదిమందిలో ఒకటి అవుతుంది. ఆపరేషన్ తేదీ, ఫలానా తేదీలోగా రేడియేషన్ మొదలవ్వాలని డాక్టరు రాసిన ఉత్తరం జతచేయండి. తేదీ ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికైనా కష్టమే.

చివరగా, డిశ్చార్జి రోజున అడగాల్సినవి. ఆపరేషన్ నోట్సు, డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్‌కు ముందు, తర్వాత తీసిన ఎంఆర్ఐల సీడీలు. ఆపరేషన్ అయిన మూడు రోజుల్లోపు తీసిన ఎంఆర్ఐ ముఖ్యం, గడ్డ ఎంత మిగిలిందో చెప్పేది అదే. బయాప్సీ రిపోర్టు, దానితోపాటు పారఫిన్ బ్లాకు. తీసిన గడ్డ ముక్కను మైనంలో పోసి దాచిన చిన్న బిళ్ల అది. రిపోర్టు అర్థం కాకపోయినా, జన్యు పరీక్షలు చేయకపోయినా ఇక్కడి ల్యాబు ఆ బ్లాకు నుంచే మళ్లీ చేస్తుంది. అది లేకపోతే ఇంకోసారి తల తెరవాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. అడిగితే ఇస్తారు, అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు. ఇప్పటికే ఊరొచ్చేసినవాళ్లు సంతకం చేసిన ఉత్తరం, పాస్‌పోర్టు కాపీ రూమ్మేట్‌కు పంపి ల్యాబులో తీయించండి. దానికి ఐసు అక్కర్లేదు. వచ్చేవాడు హ్యాండ్‌ బ్యాగులో పెట్టుకుంటే చాలు. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం వదలకండి, మైనం కరిగిపోతుంది.